అమ్మాయి హాస్టల్‌కి వెళ్లనంటోంది, ఇంటర్ ఎక్కడ చేర్చాలి?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర పల్లె. మా అమ్మాయి జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియంలో టెన్త్ పాసైంది, మంచి మార్కులొచ్చాయి. ఎంపీసీ తీసుకుంటానంటోంది. మా బావమరిది కొడుకును హైదరాబాద్‌లో రెసిడెన్షియల్ ఐఐటీ బ్యాచ్‌లో వేశారు. మేమూ అక్కడే వేయాలా, దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనా? తనేమో హాస్టల్‌కి వెళ్లనంటోంది. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: అడిగింది రెండు కాలేజీల తేడా గానీ, మీ టెన్షన్ అంతా బావమరిది కొడుకు దగ్గరే ఉంది. మన పిల్ల ఒక్కతే ఊళ్లో ఉండిపోతే వెనకబడుతుందేమోనని. ఏటా ఈ రోజుల్లో నాకు ఎక్కువగా వచ్చేది ఈ ప్రశ్నే.

వెనకబడదు. ఇంజనీరింగ్ సీట్లకు రాసే తెలంగాణ ఈఏపీసెట్ ర్యాంకు ఆ పరీక్ష మార్కులతోనే ఇస్తారు, ప్రశ్నలు ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ ఉంటాయి. జేఈఈ మెయిన్ కూడా తెలుగులో రాయొచ్చు. అందులో నెగ్గినవాళ్లు ఐఐటీ సీటు కోసం రాసే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే.

ఇక ఐఐటీ బ్యాచ్. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైనే, ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు 17,740. ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ఫొటోలుంటాయి, అదే హాస్టల్లో ఉండి ర్యాంకు రాని పిల్లల ఫొటోలు ఎవరూ వేయరు. ఇలాంటి చాలా కాలేజీల్లో వీక్లీ టెస్టు మార్కులు చూసి సెక్షన్లు మారుస్తారు, మంచి లెక్చరర్లు పై సెక్షన్లకే వెళ్తారు. తెలుగు మీడియం పిల్లకు మొదటి రెండు మూడు నెలలు లెక్క రాక కాదు, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్న అర్థంకాక మార్కులు తగ్గుతాయి, కుదురుకునేలోపే కింది సెక్షన్‌లో పడేస్తారు. ఫీజు మాత్రం తగ్గదు.

కోప్పడకండి గానీ, పదిహేనేళ్ల పిల్ల వెళ్లనని నోరు తెరిచి చెబుతుంటే, ఎందుకమ్మా అని అడక్కుండా ఎలా ఒప్పించాలో నన్నడుగుతారేంటండీ? టెన్త్ పరీక్షలు కూడా అవకముందే పిల్లల్ని చేర్పించుకోడానికి ఇంటికొచ్చే కాలేజీ పీఆర్ఓకి టీ ఇచ్చి గంటసేపు వింటారు కదా, ఆ గంట కూతురికివ్వండి. పైగా అప్పు చేసి ఫీజు కడితే, ఫోన్ చేసినప్పుడల్లా ఆ అప్పు సంగతి పిల్ల చెవిన పడుతూనే ఉంటుంది, మీరు ఎత్తకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుతారు.

మాట్లాడాక తనే వెళ్తానంటే అది వేరే సంగతి. అప్పుడు మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

ప్రభుత్వ కాలేజీని కూడా చూడకుండా చేర్చొద్దు. మ్యాథ్స్, ఫిజిక్స్ లెక్చరర్లు ఉన్నారా, ల్యాబ్ తాళం ఎప్పుడైనా తీస్తున్నారా అని సెకండియర్ పిల్లల్ని అడగండి, ఆఫీసులో అడిగితే అంతా బాగుందనే చెబుతారు. బాసర ట్రిపుల్ ఐటీకి టెన్త్ మార్కులతోనే సీటిస్తారు, ఆరేళ్ల కోర్సు, కానీ అదీ హాస్టలే, కాబట్టి ముందు తననే అడగండి.

ఈ సెలవుల్లో కోచింగ్ వద్దు. టెన్త్ మ్యాథ్స్, ఫిజిక్స్ పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నవి తెచ్చుకుని, తెలుగులో తనకు బాగా వచ్చిన పాఠాన్నే ఎదురుగా ఉన్న ఇంగ్లీషు పేజీలో చదివి, లెక్కలు ఇంగ్లీషులో రాయమనండి. రోజుకో గంట చాలు. కాలేజీ తెరిచాక దసరా వరకు మార్కులెన్ని అని అడక్కండి, ఇవాళ ఏం చెప్పారో అడగండి. దసరాకీ పాఠం అర్థం కావట్లేదంటే అప్పుడు మళ్లీ రాయండి, ట్యూషన్ సంగతి ఆలోచిద్దాం.