పళ్ళకి క్లిప్పులు వేయించుకుంటున్నారా? ముందు మొహమాటం మానుకోండి

మీరు అడిగినవి మూడు. వచ్చే శనివారం మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు, అక్కడ ఏం చేస్తారు? క్లిప్పులు వేశాక రోజంతా ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేసుకోగలరా? రెండు నెలల్లో మీ అక్క పెళ్ళి, అప్పుడు నోరు కట్టేసుకుని కూర్చోవాలా?

నాకు 29 ఏళ్ళప్పుడు వేశారు, 22 నెలలు ఉన్నాయి. కాకినాడలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. రోజుకి ఆరు పీరియడ్లు గొంతెత్తి మాట్లాడాలి కాబట్టి మీ రెండో ప్రశ్న అప్పట్లో నాది కూడా.

ఆ 22 నెలల్లో నేను నిజంగా అవస్థ పడ్డ రోజులు గుర్తు చేసుకుంటే, పంటినొప్పి వల్ల పడ్డవి తక్కువే. అడగాల్సింది అడగలేక, వద్దనాల్సిన చోట వద్దనలేక పడ్డవే ఎక్కువ. మీకు ఆ అవస్థ లేకుండా చేద్దామనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట నేను వెళ్ళిన చోట అయిదు నిమిషాలు నోరు చూసి, ఎక్స్‌రే మాటే ఎత్తకుండా, "ఎనిమిది నెలల్లో అయిపోతుంది, ఇవాళ అడ్వాన్సు కట్టేయండి" అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు. అయినా కౌంటర్ దగ్గర "ఆలోచించుకుని వస్తాను" అనే చిన్న మాట నోటికి రాక రెండు వేలు కట్టేశాను. ఆ డబ్బు వదులుకుని వేరే డాక్టరుని వెతుక్కునేసరికి నెల గడిచింది.

రెండో చోట పద్ధతే వేరు. పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, పక్క నుంచి తల మొత్తానికి ఇంకో ఎక్స్‌రే, ముఖానికీ పళ్ళకీ ఫోటోలు తీశారు. తర్వాత పళ్ళ అచ్చు. ట్రేలో ముద్దలాంటిది పెట్టి నోట్లో అదిమి నిమిషం పైన ఉంచుతారు. నాకు వాంతి వచ్చేలా అనిపించింది. తల కొంచెం ముందుకి వంచి, ముక్కుతో గాలి పీల్చుకుంటూ, కాలి బొటనవేళ్ళు కదుపుతూ ఉండమన్నారు. నిజంగానే పనిచేసింది. ఇప్పుడు కొన్ని చోట్ల నోట్లో చిన్న కెమెరా తిప్పి స్కాన్ చేసేస్తున్నారు, మీకు ఈ బాధ ఉండకపోవచ్చు. ఆ రోజు ఇంతే, నొప్పి పుట్టే పని ఏదీ ఉండదు.

శనివారం మీరు తప్పకుండా అడగాల్సినవి చెబుతాను. వైద్యం చేసేది ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ళు వరసకి తెచ్చే వైద్యంలో, ఎం.డి.ఎస్. చేసినవాళ్ళేనా? మామూలు పళ్ళ డాక్టరు చదువు బి.డి.ఎస్. తర్వాత మూడేళ్ళు ఇదే చదువుకుని వస్తారు వాళ్ళు. పళ్ళు తీయాలా, తీస్తే ఎన్ని, ఎందుకు? నాకు చోటు చాలక ముందరి దవడ పళ్ళు నాలుగు తీశారు. ఆ మాట వినగానే గుండె జారింది కానీ, ఎక్స్‌రే ముందు పెట్టి ఎక్కడ ఎంత చోటు కావాలో చూపించాక కుదుటపడ్డాను. క్లిప్పులు తీసేశాక పెట్టుకునే రిటైనర్ ఖర్చు చెప్పిన మొత్తంలోనే ఉందా, విడిగానా? ఇంకొకటి, మన ఊళ్ళలో మరీ ముఖ్యం. చాలా క్లినిక్కులకి ఈ స్పెషలిస్టు వారానికో, పది రోజులకో ఒకసారి వచ్చి వెళ్తారు. మధ్యలో క్లిప్పుల్ని కలిపే తీగ గుచ్చుకుంటే ఎవరు చూస్తారు, ఏ నంబరుకి ఫోన్ చేయాలి? ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. చేతిలో కాగితం ఉంటే మాట తడబడదు.

తర్వాత పళ్ళు శుభ్రం చేసి, పుచ్చులుంటే పూడ్చి, వెనక దవడ పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెడతారు. మాంసం పీచు ఇరుక్కుని రానట్టు ఉంటుంది నాలుగైదు రోజులు. టూత్‌పిక్‌తో కెలక్కండి. క్లిప్పులు అంటించే రోజు భయమే అక్కర్లేదు, ఇంజెక్షన్ ఉండదు. గంటా గంటన్నర నోరు తెరుచుకుని ఉండాలి, పుల్లటి జెల్ రుచి తగులుతుంది, నీలం లైటు వేస్తారు, అంతే. నేను ఇంటికొచ్చి మామూలుగా భోజనం చేసి, ఇంతేనా అనుకున్నాను. రాత్రికి మొదలైంది. రెండో రోజు పొద్దున్న మెత్తటి ఇడ్లీ మీద పన్ను ఆనినా జివ్వుమంది.

ఎందుకలా అవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారలాంటి పొర ఉంటుంది. మొదట వేసే తీగ నికెల్, టైటానియం కలిపి చేసింది, ఎంత వంచినా తన అసలు ఆకారానికి తిరిగి రావాలని చూస్తుంది. అలా పన్నుని నెడుతుంటే ఒక పక్క ఆ పొర నలుగుతుంది, అక్కడి ఎముక నెమ్మదిగా కరుగుతుంది, రెండో పక్క కొత్త ఎముక పడుతుంది. ఆ నలిగిన పొరే మనకి నొప్పి. మూడో రోజు నుంచి తగ్గి, వారానికల్లా మామూలైపోతుంది. నాకు వేసిన తీగ నోటి వేడికి బలం పుంజుకునే రకం. అందుకే చల్లటి నీళ్ళు నోట్లో పట్టి ఉంచితే కాసేపు మెత్తబడి హాయిగా ఉండేది. మరీ బాధగా ఉంటే పారాసిటమాల్ చాలన్నారు మా డాక్టరు. ఐబుప్రొఫెన్ లాంటివి రోజుల తరబడి వాడితే పళ్ళ కదలిక నెమ్మదించవచ్చట. మీకు ఏది సరిపడుతుందో మీ డాక్టరునే అడగండి.

ఇక మాట్లాడటం. మొదటి వారం "స", "శ" పలికినప్పుడు గాలి కొంచెం జారుతుంది. ఇంట్లో పేపరు పైకి చదువుతూ ఉండండి, నాలుగైదు రోజుల్లో నాలుక దారి వెతుక్కుంటుంది. అసలు చిక్కు చెంపలకీ పెదవి లోపలి వైపుకీ. ఎక్కువ మాట్లాడేవాళ్ళకి ఒరుసుకుని పుండ్లు పడతాయి. క్లినిక్కులో చిన్న డబ్బాలో తెల్లటి మైనం ఇస్తారు. నేను మొదటి వారమంతా "ఇది అతుక్కోదు, ఊడిపోతోంది" అని పక్కన పడేశాను. నర్సు చేసి చూపించాక అర్థమైంది. ముందు ఆ క్లిప్పుని టిష్యూతో తడి లేకుండా తుడవాలి. కందిగింజంత మైనం తీసి వేళ్ళ మధ్య వెచ్చబడేదాకా ఉండ చేయాలి. క్లిప్పు మీద పెట్టి వేలితో పైకీ కిందికీ అదిమితే చుట్టూ పట్టుకుంటుంది. తుడవకుండా పెడితే ఎంత నొక్కినా జారిపోతుంది. తినేముందు తీసేయండి, పొరపాటున మింగినా ఏం కాదు. గోరువెచ్చని గ్లాసుడు నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి రోజుకి మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. రెండు మూడు వారాలకి చెంప లోపల అలవాటు పడిపోతుంది.

అయిదో నెలలో వెనక తీగ చివర బయటికొచ్చి చెంపలో దిగడం మొదలైంది. రేపు పోతుందిలే, చిన్నదానికి డాక్టరుని ఇబ్బంది పెట్టడం ఎందుకని నాలుగు రోజులు ఓర్చుకుని పాఠాలు చెప్పాను. అన్నం కుడివైపే నమిలాను. చివరికి వెళ్తే రెండు నిమిషాల్లో కత్తిరించి పంపారు, పైసా తీసుకోలేదు. "అదే రోజు ఫోన్ చేసి ఉండాల్సిందమ్మా" అన్నారాయన. మీరు అదే రోజు చేయండి. ఇంట్లో గోళ్ళు తీసుకునే దానితో కత్తిరించే ప్రయత్నం మాత్రం వద్దు.

తిండి సంగతి. మొదటి మూడు రోజులు రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, కిచిడీ. తర్వాత దాదాపు అన్నీ తినొచ్చు, కొరకడం మానేసి కోసుకుని తినాలి, అంతే తేడా. జామకాయ, ఆపిల్ సన్నటి ముక్కలుగా. చపాతీ పప్పులో నానబెట్టి. చికెన్ ఎముక తీసేసి. ములక్కాడ, తేగలు, పీచు మామిడి తింటే పీచంతా తీగల్లో చుట్టుకుంటుంది, వాటిని నేను వదిలేశాను. చెరకు, జంతికలు, చెక్కలు, పల్లీ పాకం, మొక్కజొన్న పొత్తు అసలు వద్దు.

చెక్కల మాట ఎందుకు అంత గట్టిగా అంటున్నానంటే, గృహప్రవేశంలో మా పెద్దమ్మ ప్రేమగా పప్పుచెక్క చేతిలో పెట్టింది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని కొరికాను. టక్కుమని కుడివైపు క్లిప్పు ఊడి తీగ మీద పూసలా అటూ ఇటూ జారింది. ఆదివారం, ఎవరూ లేరు. మళ్ళీ అంటించేసరికి నాలుగు రోజులైంది, పని ఆ మేరకి వెనకపడింది. విషయం తెలిశాక పెద్దమ్మ చేసిన పని ఏంటంటే, తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా నాకోసం విడిగా జున్ను తీసి ఉంచేది. నోరు తెరిచి చెప్పి ఉంటే మొదటిసారే జున్ను దొరికేది.

చాలామంది చెప్పనిది ఇంకొకటి, పసుపు. క్లిప్పు మీద తీగని పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగులు కనబడకూడదని తెల్లవో, రంగులేనివో అడుగుతాం. రెండు పూటలు పప్పు, కూర తినేసరికి పచ్చగా మారిపోతాయి, ఎంత తోమినా పోదు. ముదురు బూడిద రంగో, నీలమో వేయించుకోండి. పంటి రంగు సిరామిక్ క్లిప్పులైనా ఈ రబ్బరు సమస్య ఇలాగే ఉంటుంది.

తోముకోవడంలో మాత్రం రాజీ పడకండి. క్లిప్పుకి పైనుంచి ఏటవాలుగా ఒకసారి, కింద నుంచి ఇంకోసారి, తర్వాత తీగ కింద దూరే సన్నని బ్రష్. రాత్రి పూట నాకు ఎనిమిది నిమిషాలు పట్టేది. మా స్కూల్లో ఒక పిల్లాడు రోజూ కూల్‌డ్రింకు తాగి, తోముకోవడం మానేశాడు. క్లిప్పులు తీశాక ప్రతి పంటి మీదా చతురస్రం గీసినట్టు సుద్ద రంగు మచ్చలు మిగిలాయి. పళ్ళు వరసగా ఉన్నాయి, వాడు మాత్రం నోరు మూసుకునే నవ్వుతాడు. ఆ పిల్లాణ్ణి చూసిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమంటుంది.

తీపి మానేయక్కర్లేదు. అతుక్కునేవీ, గట్టివీ వద్దు: చాక్లెట్ టాఫీలు, జీళ్ళు, పాకం గవ్వలు. మెత్తనివి తిని వెంటనే నీళ్ళు పుక్కిలించాలి. ఆత్రేయపురం పూతరేకులు నాలుక మీదే కరిగిపోతాయి, కానీ బెల్లం పొడి తీగల్లో చేరుతుంది, కాబట్టి తిన్నాక తోముకునే వీలున్నప్పుడే తినేదాన్ని. తాపేశ్వరం మడత కాజా చెంచాతో తుంచుకుని తినొచ్చు. మా కాకినాడ గొట్టం కాజా పైపెంకు గట్టిది, 22 నెలలు ముట్టలేదు. అన్నిటికన్నా నన్ను ఆదుకున్నవి ముంజెలు. ఏప్రిల్లో తీగ మార్చిన రోజు సాయంత్రం లేత ముంజె పైతొక్క ఒలిచి నోట్లో పెట్టుకుంటే, నమలక్కర్లేకుండా ఆ చల్లటి నీరు పళ్ళ మీదుగా జారిపోయేది. మందు వేసుకోకుండానే ఆ రాత్రి నిద్ర పట్టేది.

రిటైనర్ గురించి ఇప్పుడే బెంగ వద్దు, కానీ క్లిప్పులు తీయగానే పని అయిపోదని తెలుసుకోండి. పళ్ళు పాత చోటికి పోవాలని చూస్తాయి. నేను ఇప్పటికీ రాత్రిళ్ళు పెట్టుకుంటున్నాను. దాన్ని వేడినీళ్ళలో కడిగితే వంకర తిరిగిపోతుంది, భోజనానికి తీసి టిష్యూలో చుడితే ఎవరో ఒకరు విస్తరితో పాటు పారేస్తారు. డబ్బాలోనే పెట్టాలి.

పెళ్ళి దగ్గరికి వద్దాం. శనివారం వెళ్తే ఈ ఎక్స్‌రేలూ క్లీనింగూ అయ్యి క్లిప్పులు వేయడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. పెళ్ళికి కనీసం మూడు వారాల ముందే వేయించేసుకోండి, లేదంటే పెళ్ళయ్యాకే. పెళ్ళి వారంలో తీగ మార్పించుకోవద్దు, ఆ తేదీ ముందుగానే డాక్టరుకి చెప్పేయండి. పళ్ళు తీయాల్సి వస్తే, నవ్వినప్పుడు ఆ ఖాళీ ఫోటోల్లో కనిపిస్తుంది. అది మీకు ఇబ్బంది అనిపిస్తే తీయడం పెళ్ళి తర్వాతకి జరపమని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

పంక్తిలో కూర్చునే ముందు వడ్డించేవాళ్ళకి మాట చెప్పి ఉంచండి. అప్పడం, వడియాలు వద్దనండి. పులిహోరలో వేగిన శనగపప్పు, వేరుశనగ గుళ్ళు ఏరి పక్కన పెట్టండి. బూరె చేత్తో చిదుముకుని లోపలి పూర్ణం ముందు తినండి. పెరుగులో నానిన ఆవడ మాత్రం రెండోది కూడా వేయించుకోండి.