పాత తలుపులు కొనే ముందు

చి. చిట్టికి,
పెదనాన్న ఆశీస్సులు.

భీమిలిలో మండువా ఇల్లు పడగొడుతున్నారని, నువ్వు డిజైన్ చేసే ఇళ్లలో వాడటానికి దాని తలుపులు, దూలాలు కొంటానని రాశావు. కొను. కానీ అడ్వాన్స్ ఇచ్చే ముందు వడ్రంగి మేస్త్రిని వెంట తీసుకెళ్లు. పాత కలప ఎక్కడైనా దొరుకుతుంది. మేకు కొట్టకుండా చెక్కలోకి చెక్క దించి బిగించే చెయ్యే దొరకదు. అలాంటి పనితనం ఉన్న ముసలి మేస్త్రులు ఇప్పుడు ప్లైవుడ్‌కి లామినేట్ అంటించుకుంటూ బతుకుతున్నారు. వాళ్ల చేత మళ్లీ ఉలి పట్టించగలిగితేనే ఈ కలపకి విలువ.

ఇల్లు విప్పేటప్పుడు నువ్వు అక్కడే ఉండు. జేసీబీ పెట్టారంటే ద్వారబంధాలు చీలిపోతాయి. ముందు పెంకులు, తర్వాత వాసాలు, ఆపైన దూలాలు దించించి, ప్రతి ముక్క మీదా సుద్దతో నంబరు వేయించు. బర్మా టేకు అన్నదల్లా నమ్మకు, ఓ మూల చిత్రిక పట్టించి చూడు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అందుకే తడిపి గీకించు. మాస్కు లేకుండా ఎవర్నీ ఆ పని చెయ్యనివ్వకు. తెచ్చాక నీడలో పేర్చి, కింద నల్ల కాగితం పరిచి ఉంచు. కొన్నాళ్లకి దాని మీద పిండి రాలితే లోపల పురుగు బతికే ఉన్నట్టు. మందు పట్టించేదాకా ఆ ముక్కని మిగతావాటితో కలపకు.

మన ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు ఆగవు. బీచ్ వైపు ఫ్లాటైతే ఇత్తడివో, తుప్పుని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువో వాడు.

ఇక డిజైన్. పాత తలుపుని గోడకి తగిలించి పైన లైటు వేసే ఫ్యాషన్ నాకు నచ్చదు, ముసలాడి చాదస్తం అనుకున్నా సరే. తలుపన్నాక తెరుచుకోవాలి, మూసుకోవాలి. ఎత్తు చాలకపోతే పైన కొత్త చెక్కతో వెంటిలేటర్ కట్టించు. ఆ కొత్త చెక్క కొత్తదిలాగే కనబడనీ, ముదురు పాలిష్ కొట్టి దాచొద్దు.

సొరుగుల పిడుల కోసం లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్లు. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చింది కదా, అయినా మనవాళ్లు బొమ్మలు తప్ప ఇంకేమీ అడగరు. నువ్వు పిడులు అడుగు, కొక్కేలు అడుగు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి పొయ్యి పక్క అరలకి మాత్రం వద్దు.

మేస్త్రికి చదరపు అడుగు లెక్కన ఇవ్వకు, రోజుకూలి ఇవ్వు. అడుగుల లెక్క పెట్టావో, ఆయనకీ తొందరే పుడుతుంది. ఎస్టిమేట్‌లో కలప ఖరీదు, కూలి విడివిడిగా రాయి. "పాత చెక్కకి ఇంతా?" అని క్లయింట్ అడిగితే కూలి వరస చూపించు. అయినా బేరమాడితే రెండు అల్మరాలు తగ్గించు, మేస్త్రి రోజులు మాత్రం తగ్గించకు.

ఇట్లు,
మీ పెదనాన్న