వాహన సందేహాలు: విప్పకముందే ఇంజిన్ లోపలి దెబ్బను పసిగట్టడం ఎలా?

ప్రశ్న: నేను నడిపే లారీకి టర్బోతో కూడిన 6 సిలిండర్ల కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఒకే అధిక పీడన పైపు నుంచి డీజిల్ అందే) డీజిల్ ఇంజిన్ ఉంది. పూర్తి లోడుతో ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్‌లో ఉన్నట్టుండి గట్టిగా కొట్టుకునే శబ్దం మొదలై, ఆయిల్ ప్రెషర్ ముల్లు బాగా కిందికి పడిపోయింది. సైలెన్సర్ నుంచి తెల్లని పొగ కూడా వచ్చింది. వెంటనే పక్కకు తీసి ఆపేశాను. కొన్ని వారాలుగా రేడియేటర్‌లో కూలెంట్ కూడా తరచుగా తగ్గుతోంది. ఇది నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్) లోపమేనని, ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేస్తే ఏ సిలిండరో తెలిసిపోతుందని ఒక మెకానిక్ అంటున్నారు. ఇంజిన్ దించి మొత్తం బోరు (సిలిండర్ల లోపలి గోడలను కోసి సరిచేయడం) చేయించాల్సిందేనని మరొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మమంటారు?

జవాబు: ఇప్పటికిప్పుడు ఇద్దరి మాటా నమ్మవద్దు. అన్నిటికన్నా ముందు, శబ్దం మరొక్కసారి విందామని కూడా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు. బేరింగ్ (క్రాంకు ఆని తిరిగే మెత్తని లోహపు షెల్) దెబ్బతిన్న ఇంజిన్ ఇంకొన్ని నిమిషాలు తిరిగితే, క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) గ్రైండింగుతో సరిపోయే పని క్రాంక్ మార్చే దాకా పోతుంది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టు తెగితే ఆ రాడ్ బ్లాకును పగులగొట్టుకొని బయటికి వస్తుంది, ఆ తరువాత పరీక్షించడానికి ఏమీ మిగలదు.

నట్టు వదులు చేసి చూడటం పాతకాలపు మెకానికల్ పంపు ఇంజిన్లకు సరిపోయే పద్ధతి. కామన్ రైల్ ఇంజిన్‌లో పైపులోని డీజిల్ పీడనం 1,600 నుంచి 2,000 బార్ దాకా, కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంటుంది. ఆ పీడనంతో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు, కొన్నిసార్లు చెయ్యి కూడా పోగొట్టుకోవలసి వస్తుంది. ఇటువంటి ఇంజిన్‌లో ఒక్కో సిలిండరును ఆపి చూడటానికి స్కానర్ ఉంది, కానీ మీ ఇంజిన్‌ను స్టార్ట్ చేయకూడదు కనుక అది కూడా ప్రస్తుతానికి పనికిరాదు.

నాజిల్ చెడినా ఇంజిన్ కొట్టుకుంటుందన్న మాట నిజమే. అయితే నాజిల్ లోపం ఆయిల్ ప్రెషర్‌ను ఉన్నపళంగా పడగొట్టలేదు. దాని నుంచి కారిన డీజిల్ ఆయిల్‌లో కలిసి, ఆయిల్ పలచబడితేనే ప్రెషర్ తగ్గుతుంది, అందుకు చాలా కాలం పడుతుంది. బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో దాదాపు పదో వంతో, అంతకన్నా తక్కువో మాత్రమే. బేరింగ్ అరిగి ఆ సందు పెరిగితే ఆయిల్ అక్కడే జారిపోయి ప్రెషర్ నిలబడదు, రాడ్ క్రాంకును కొట్టడం మొదలవుతుంది. శబ్దం, ప్రెషర్ పడిపోవడం రెండూ ఒకే క్షణంలో జరిగాయి కాబట్టి నా అనుమానం బేరింగు మీదే ఉంది. అయినా అనుమానం రుజువు కాదు. బ్లాకు ఇనుము శబ్దాన్ని ఎటు నుంచి ఎటైనా మోసుకుపోతుంది, అందుకే ఎంత అనుభవం ఉన్నా చెవి ఒక్కదాన్నే నమ్మి హెడ్డు (సిలిండర్ల పై మూత) విప్పడం నాకు సమ్మతం కాదు.

రుజువు ఆయిల్ ఫిల్టరులో దొరుకుతుంది. దానిని రంపంతో కోస్తే రంపపు పొట్టే లోపల పడి మోసం చేస్తుంది, కనుక ఫిల్టర్ కట్టరుతోనే తెరిపించండి. లోపలి కాగితపు మడతలను విప్పి, ఆయిల్ పిండేసి, మంచి వెలుతురులో పరిశీలించండి. కంటికి ఆనీ ఆనని నలుసులు కొద్దిగా ఉండటం మామూలే. రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే మాత్రం అయస్కాంతం దగ్గరపెట్టి చూడాలి. అంటుకునేవి పిస్టన్ రింగులు, లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం), గేర్లు, క్రాంక్ వంటి ఇనుప భాగాల నుంచి వచ్చినవి. అంటుకోకుండా రాగి రంగులో ఉంటే బేరింగ్ పైపొర అరిగిపోయి దాని కింది పొర బయటపడిందని గాని, ఏదైనా బుష్ పోయిందని గాని అర్థం. మెత్తగా, బూడిద రంగులో ఉండేవి సాధారణంగా బేరింగ్ పైపొర ముక్కలు. తెల్లగా మెరుస్తూ తేలికగా ఉండేవి పిస్టన్ అల్యూమినియం కావచ్చు. ఆయిల్‌ను శుభ్రమైన పాత్రలోకి నెమ్మదిగా వదిలి, డ్రెయిన్ నుంచి ముందుగా ఏం వస్తుందో గమనించండి. ఆయిల్ కన్నా కూలెంట్ బరువు కాబట్టి, బండి రాత్రంతా నిలిచి ఉంటే కలవకుండా మిగిలిన కూలెంట్ అడుగున చేరి మొదటే బయటికి వస్తుంది.

తెల్లని పొగ, కూలెంట్ తగ్గడం మరొక హెచ్చరిక చేస్తున్నాయి. ఏదో ఒక సిలిండరులోకి కూలెంట్ చేరి ఉండవచ్చు. ద్రవం గాలిలా నలగదు, దాని మీద సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి ఇంజెక్టర్లన్నీ విప్పించి, క్రాంకును చేతి బారుతో నిదానంగా 2 పూర్తి చుట్లు తిప్పించండి. ఏ రంధ్రం నుంచి కూలెంట్ చిమ్ముతుందో, ఎక్కడ పట్టేస్తుందో అప్పుడే తెలిసిపోతుంది. అదే రంధ్రాల్లోంచి బోర్‌స్కోప్ కెమెరా దించితే లైనరు మీది గీతలు, కరిగిన పిస్టన్ తల కూడా కనిపిస్తాయి. తక్కిన పిస్టన్లన్నీ పైకి వచ్చినప్పుడు ఒకే ఎత్తున నిలిచి, ఒక్కటి మాత్రం కిందనే ఆగిపోతే దాని రాడ్ వంగినట్టే. అటువంటి సిలిండరులో రింగులు బాగానే ఉన్నా కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. కంప్రెషన్ అంకె ఒక్కటే చూసి రింగులు పోయాయని తేల్చేయడం అందుకే తప్పు.

ఆ తరువాత సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించండి. చాలా లారీల్లో ఇంజిన్ ఛాసిస్ మీద ఉండగానే ఈ పని జరుగుతుంది. రాడ్ క్యాపులు ఒక్కొక్కటిగా విప్పి బేరింగ్ షెల్స్ చూడండి, క్రాంక్ జర్నల్ (బేరింగ్ కూర్చునే నున్నని భాగం) మీద గోరు నడపండి, గోరు తగిలేంత గీత ఉంటే పాలిష్‌తో పోదు. సంప్ తెరిచి ఉండగానే రేడియేటరుకు చేతి పంపు తగిలించి, క్యాప్ మీద రాసి ఉన్న పీడనం దాకా గాలి ఎక్కించి కొన్ని గంటలు వదిలేయండి. కింద నిలబడి చూస్తూ, కూలెంట్ లైనర్ అడుగు నుంచి కారితే దాని సీలు, పిస్టన్ పక్కగా దిగితే హెడ్ గ్యాస్కెట్ లేదా లైనరుకు పడిన చిల్లి అని గుర్తించవచ్చు. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. మీ ఇంజిన్‌లో మొదటి దోషి అదే అయితే, కారణం వెతకకుండా వేసిన కొత్త బేరింగులు కూడా అదే దారిన పోతాయి.

ఇంజిన్ దించాలా వద్దా అన్నది ఫిల్టరు, సంపు చూశాక మీరే నిర్ణయించగలరు.

ప్రశ్న: డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతోంది. ఆయిల్ మాత్రం పాలలా మారలేదు. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. ఆయిల్ పలచగా ఉండి డీజిల్ వాసన వేస్తే ఇంజెక్టర్ సీలునో, రిటర్న్ మార్గాన్నో, పంపు సీలునో అనుమానించాలి. ఆయిల్ పాలరంగులో లేనంత మాత్రాన కూలెంట్ కలవలేదని అనుకోకండి, వేడెక్కిన ఇంజిన్‌లో నీరు ఆవిరై, కూలెంట్‌లోని గ్లైకాల్, రసాయనాలు ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. ప్రయోగశాలలో చేసే ఆయిల్ పరీక్షలో సోడియం, పొటాషియం పెరిగితే ఆ సంగతి బయటపడుతుంది. ఆయిల్ కూలర్ పగిలినప్పుడు ఒక తమాషా జరుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పీడనమే ఎక్కువ కనుక ఆయిల్ రేడియేటరులోకి పోతుంది. ఇంజిన్ ఆపాక కూలెంట్‌లో మిగిలిన పీడనం దానిని ఆయిల్‌లోకి తోస్తుంది. రేడియేటర్ మూతకు జిడ్డు అంటుతోందేమో కూడా చూడండి.

ప్రశ్న: ఆయిల్ పోసే మూత తీస్తే పొగ కొడుతోంది. రింగులు పోయినట్టేనా?

జవాబు: అలా తేల్చలేము. ప్రతి ఇంజిన్‌లోనూ కొంత గాలి రింగులను దాటి కిందికి వస్తుంది. అది మితిమీరినా, దోషం రింగులదే కానవసరం లేదు, అరిగిన టర్బో గాని, బ్రేకులకు గాలి అందించే కంప్రెసర్ గాని తమ ఆయిల్ రిటర్న్ మార్గం గుండా అదే పీడనాన్ని ఇంజిన్‌లోకి పంపగలవు. బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర పీడనాన్ని కొలిపించి తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చండి. ఎక్కువగా ఉంటే ముందు ఈ రెండింటినీ పరీక్షించి, అవి బాగున్నాయని తేలాకనే పిస్టన్ల జోలికి వెళ్లండి.