పాస్ ఇచ్చిన క్షణం గురించి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష చక్కగా ఉంది, ఆట మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే 1984లో చికాగో బుల్స్ జట్టులో చేరిన కుర్రవాడు నీ రెండో పేజీకల్లా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ 1991 ట్రోఫీ పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలోని ఏడేళ్లను ‘ఎన్నో కష్టాలకోర్చి’ అన్న ఒక్క మాటతో దాటేశావు. అసలు కథంతా ఆ ఏడేళ్లలోనే ఉందని నా నమ్మకం.

1986 ఏప్రిల్ 20న బోస్టన్ సెల్టిక్స్ మీద అతను చేసిన 63 పాయింట్లను నువ్వు విజయగాథలా వర్ణించావు. నిజానికి స్కోరు సమం కావడంతో రెండు ఓవర్‌టైమ్‌ల (అదనపు సమయాల) దాకా సాగిన ఆ మ్యాచ్‌ను బోస్టన్ 135-131తో గెలిచింది, అదే జట్టుతో వరుసగా ఆడే ఆ సిరీస్‌లో చికాగోకు ఒక్క గెలుపు కూడా దక్కలేదు. మరుసటి సీజన్‌లో సగటున మ్యాచ్‌కు 37.1 పాయింట్లు చేసి లీగ్‌లో అందరికన్నా ముందున్నా, సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో మళ్లీ అదే బోస్టన్ చేతిలో 3-0 మ్యాచ్‌లతో ఓటమి. ఈ అంకెలను ఓటముల పక్కనే పెట్టి రాస్తే, అంతటి ఆటగాడికి ఇంకా ఏం కొరవడిందన్న ప్రశ్న పాఠకుడికి తనంతట తానే తడుతుంది.

ఆ తరువాత డెట్రాయిట్ పిస్టన్స్ వంతు. 1988, 1989, 1990లలో వరుసగా మూడేళ్లు వాళ్లే దారికి అడ్డుపడ్డారు. బంతి జోర్డాన్ చేతికి రాగానే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టడం, బుట్ట దగ్గరికి దూసుకొస్తే మొరటుగా ఢీకొట్టి ఆపడం వాళ్ల వ్యూహం. ఒక్కడిని కట్టడి చేస్తే జట్టంతా ఆగిపోతుందని వాళ్లు లెక్క వేశారు, మూడేళ్లపాటు ఆ లెక్క తప్పలేదు. 1989లో కోచ్ బాధ్యతలు చేపట్టిన ఫిల్ జాక్సన్, సహాయకుడు టెక్స్ వింటర్ నేర్పిన ట్రయాంగిల్ పద్ధతిని తెచ్చింది ఈ చిక్కుముడి విప్పడానికే. అందులో బంతి ఒకరి దగ్గరే నిలవదు, ఖాళీగా ఉన్న మనిషిని వెతుక్కుంటూ పోతుంది. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసేవాడికి ఇది మింగుడుపడని మాట, జోర్డాన్ కూడా మొదట్లో ఇష్టపడలేదు. ఆ అయిష్టాన్ని దాచకుండా రాయి.

1991లో పిస్టన్స్‌ను 4-0తో ఓడించాక వచ్చిన ఫైనల్‌లో, లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో అయిదో మ్యాచ్ చివరి నిమిషాలను మరోసారి నిదానంగా చూడు. రక్షకులు జోర్డాన్ వైపే ఒరుగుతున్నారు, సహచరుడు జాన్ పాక్సన్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. జోర్డాన్ బంతి వదిలాడు. పాక్సన్ ఆ ఆఖరి నిమిషాల్లో ఒకదాని వెంట ఒకటిగా బంతులు బుట్టలో వేస్తూ ఆ రాత్రి 20 పాయింట్లు చేశాడు, చికాగో 108-101తో గెలిచింది. ఆరేళ్ల తరువాత, 1997 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో, ఇలాగే మరో సహచరుడు స్టీవ్ కెర్‌కు ఇచ్చిన పాస్‌తో జోర్డాన్‌కు అయిదో టైటిల్ దక్కింది.

ట్రోఫీని హత్తుకుని, తండ్రి పక్కన ఉండగా అతను ఏడ్చిన దృశ్యంతో నువ్వు వ్యాసం మొదలుపెట్టావు. దాన్ని చివరికి జరిపి, 63 పాయింట్లు చేసి ఓడిన ఆ బోస్టన్ మ్యాచ్‌తో ఎత్తుకో. తిరగరాసి పంపితే, ఈసారి పక్కన పెన్సిల్ పెట్టుకుని చదువుతాను.