గాలి హోరుకు గుండె వణికితే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డునున్న పల్లె. 2018లో తిత్లీ తుపానుకు మా పెంకుటింటి కప్పు లేచిపోయి, ఏటి నీరు ఇంట్లోకి వచ్చింది. అప్పటినుండి తుపాను కబురు వినబడితే చాలు, నాకు కాళ్లూ చేతులూ వణుకుతాయి, నిద్ర పట్టదు. నా భర్త సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నారు. కంగారు పడతారని ఆయనకు ఏమీ చెప్పను. భయపడేవారికి విశ్వాసం లేదనీ, తుపాను రాత్రి బడి భవనానికి వెళ్లడం దేవుణ్ణి నమ్మకపోవడమేననీ మా సంఘపెద్ద ఒకరు అన్నారు. దేవుడు నమ్మదగినవాడని పాడుతూనే ఇంతగా భయపడే నేను విశ్వాసినేనా?
– ఒక సహోదరి, గజపతి జిల్లా

జవాబు: సహోదరీ, ప్రభువు నామంలో వందనములు. మీరు విశ్వాసియే. భయం కలిగినప్పుడు దేవుని వైపు తిరగడం అవిశ్వాసం కాదు. 56వ కీర్తనలో దావీదు తనకు భయం కలగదని చెప్పలేదు. భయం కలిగిన దినాన దేవుణ్ణి ఆశ్రయిస్తానని చెప్పాడు.

మీ పరిస్థితికి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చాలా దగ్గరగా ఉంది గనుక దానిని నిదానంగా చదవమని కోరుతున్నాను. ఖైదీగా రోమాకు వెళుతున్న పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. పెనుగాలి పట్టుకొని, అనేక దినాలు సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడక, తప్పించుకొంటామన్న ఆశ అందరికీ పోయిన సమయంలో దేవదూత పౌలుతో పలికిన మొదటి మాట భయపడవద్దు అనేదే. భయమే ఎరుగని మనిషికి ఆ మాటతో పని ఏముంది? దేవుడు అతని భయాన్ని ముందే ఎరిగి, అందుకు అతణ్ణి గద్దించకుండా, ధైర్యమిచ్చే మాట పంపాడు.

ఆ వాగ్దానాన్ని నమ్మిన పౌలు తర్వాత ఏమి చేశాడో మీ సంఘపెద్ద గారు కూడా గమనించాలి. నావికులు పడవ దించుకొని జారిపోవాలని చూస్తే, వారు ఓడలో ఉంటేనే తక్కినవారు బ్రతుకుతారని శతాధిపతిని హెచ్చరించాడు; పద్నాలుగు దినాలుగా తిండి లేనివారిని భోజనం చేయమని బ్రతిమాలి, అందరి ఎదుటా రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞత చెల్లించి తానే మొదట తిన్నాడు. చివరకు ఈత వచ్చినవారు ఈది, తక్కినవారు పలకల మీదా ఓడ చెక్కల మీదా ఒడ్డు చేరారు. దేవుని మాట నెరవేరిన తీరు అది. కాబట్టి హెచ్చరిక వచ్చినప్పుడు రేషన్ కార్డు, ఆధార్, మందులు, తాగునీరు సర్దుకొని పిల్లలతో బడి భవనానికి వెళ్లండి; అక్కడా ప్రార్థించండి. ఆ భవనాన్ని దేవుడిచ్చిన ఆశ్రయంగానే ఎంచండి.

ఒక కఠినమైన సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ రాత్రి ప్రాణాలు దక్కాయి గాని ఓడ దక్కలేదు. అదే గ్రంథం 12వ అధ్యాయంలో పేతురు చెరనుండి విడుదలయ్యాడు, యాకోబు మాత్రం హేరోదు కత్తికి బలయ్యాడు. యాకోబుకు విశ్వాసం తక్కువైందని లేఖనం అనలేదు. తిత్లీ సమయంలో మీ జిల్లాలోనే బరఘరలో కొండచరియ విరిగిపడి చనిపోయినవారి గురించి అలాంటి మాట అనే అధికారం మనలో ఎవరికీ లేదు. దేవుని నమ్మకత్వాన్ని కప్పు నిలిచిందా లేదా అన్నదానితో కొలిస్తే, కూలిన యెరూషలేము నడుమ, తన ప్రార్థన వినబడకుండా దేవుడు అడ్డగించాడని మొరపెట్టిన విలాపవాక్యముల 3వ అధ్యాయంలోనే ఆయన ఎంతైనా నమ్మదగినవాడన్న మాట ఎలా వచ్చిందో మనకు అర్థం కాదు. మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగా ఉంటాడని పౌలు తిమోతికి వ్రాశాడు. ఆ నమ్మకత్వం మీ చేతుల వణుకును బట్టి తగ్గేది కాదు.

ఇన్నేళ్ల తర్వాత కూడా నిద్ర పట్టకుండా ఒళ్లు వణకడం పాపం కాదు, గాయం. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. లేదా జిల్లా ఆసుపత్రిలో వైద్యులకు చూపించుకోండి. వైద్యం చేయించుకోవడం ప్రార్థన మానడం కాదు.

మీ భర్తగారికి కూడా చెప్పండి. ఆయనకు తెలియకుండా ఈ భారమంతా మీరొక్కరే మోయనవసరం లేదు. తుపాను కబురు వచ్చిన సాయంత్రం ఆయన ఫోను చేసినప్పుడు, భయంగా ఉందని దాచకుండా చెప్పి, 56వ కీర్తన ఆయన చేత చదివించుకొని వినండి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ప్రార్థించండి. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివారు ఎవరైనా ఉంటే, బడి భవనానికి వెళ్లేటప్పుడు వారిని కూడా పిలుచుకొని వెళ్లండి.