కడుపుతో ఉన్నప్పుడు కరోనా టీకా: స్వాతికి పెద్దమ్మ ఉత్తరం

గుంటూరు,
జులై 2021

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఐదో నెలలో కరోనా టీకా వేయించుకోవచ్చా అని అడిగావు. వేయించుకో. మీ అత్తగారు ఆషాఢం వెళ్లాక చూద్దామన్నారట. మిగతా పనులకు ఆగితే ఆగండి గానీ, దీనికి మాసం చూసుకోవద్దు. ఈ ఉత్తరం ఆవిడకు కూడా చదివి వినిపించు.

'మొన్నటిదాకా వద్దన్నవాళ్లే ఇప్పుడు వేయించుకోమంటున్నారేంటి' అన్నది ఆవిడ అనుమానం. న్యాయమైన అనుమానమే. జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలైనప్పుడు గర్భిణులను, పాలిచ్చే తల్లులను పక్కన పెట్టారు. కొత్త టీకాను పరీక్షించేటప్పుడు సాధారణంగా కడుపుతో ఉన్నవాళ్లను తీసుకోరు. అందుకే వాళ్ల విషయంలో చెప్పడానికి అప్పటికి లెక్కలు లేవు. అంతేగానీ ఎవరికో ఏదో జరిగిందని ఆపలేదు. ఆ తర్వాత అమెరికాలో వేల మంది గర్భిణులు వేయించుకున్నారు. దానివల్ల గర్భస్రావాలు గానీ, నెలలు నిండని కాన్పులు గానీ పెరిగినట్టు కనిపించలేదు. అక్కడివి ఫైజర్, మోడెర్నా, మనకు దొరికేవి కొవిషీల్డ్, కొవాగ్జిన్. ఆ తేడా నీ దగ్గర దాచను. కానీ కొవాగ్జిన్‌లో ఉండేది చంపేసిన వైరస్. చంపిన వైరస్‌తోనే చేసే ఫ్లూ టీకాను గర్భిణులకు ఏళ్ల తరబడి ఇస్తున్నారు. కొవిషీల్డ్‌లో ఉన్నది ఒంట్లోకి వెళ్లాక పెరగలేని వైరస్. కడుపుతో ఉన్నప్పుడు మా నర్సులం వద్దనేది రుబెల్లా టీకా లాంటివాటిని. వాటిలో వైరస్ బలహీనంగానైనా బతికే ఉంటుంది, ఒంట్లో పెరుగుతుంది. గైనకాలజిస్టుల సంఘం ఫాగ్సీ కూడా గర్భిణులకు టీకా ఇవ్వమనే చెప్పింది. జులై 2న కేంద్రం ఒప్పుకుంది. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు.

ఇక జబ్బు సంగతి. కరోనా సోకిన గర్భిణుల్లో ఎక్కువమంది ఇంట్లోనే కోలుకుంటారు. కానీ పరిస్థితి విషమించినవాళ్లకు చాలా త్వరగా విషమిస్తుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పైకి వచ్చి ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, అదే సమయంలో ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. మామూలు మనిషి తట్టుకునే న్యుమోనియా నిండు గర్భిణిని ఐసీయూ దాకా తీసుకెళ్లేది అందుకే. బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువు ఉండవచ్చు, అరుదుగా కడుపులోనే పోవచ్చు. షుగర్, బీపీ, ఎక్కువ బరువు, ముప్పై అయిదు దాటిన వయసు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. రిటైరైనా, ఏఎన్‌ఎం నర్సుగా పని చేసిన మనిషినని మొన్న మే నెలలో రాత్రిళ్లు కూడా నాకు ఫోన్లు వచ్చేవి, గర్భిణికి ఆక్సిజన్ బెడ్ ఎక్కడ దొరుకుతుందని. టీకా గురించి భయపడేవాళ్లు ఈ రెండో వైపు కూడా చూడాలి.

టీకాతో అసలు ప్రమాదమే లేదని చెప్పను. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. చాలా అరుదుగా, లక్ష నుంచి అయిదు లక్షల మందిలో ఒకరికి పెద్ద ఇబ్బంది రావచ్చని ప్రభుత్వమే రాసిచ్చింది. వేయించుకున్న ఇరవై రోజుల లోపు ఆగని తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని కడుపునొప్పి, కాలు వాచి నొప్పి పెట్టడం, ఒంటి మీద సూదిమొన లాంటి ఎర్ర చుక్కలు, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్లు. ఇంట్లో కషాయాలు పెట్టుకుని కూర్చోవద్దు.

మీ ఆడపడుచు పంపిన వాట్సాప్ మెసేజ్ చదివాను. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరని, టీకాతో ఒంట్లో పుట్టే, వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ మీద దాడి చేస్తాయని ఉంది. కరోనా వచ్చి తగ్గినవాళ్ల ఒంట్లో కూడా అలాంటి యాంటీబాడీలే పుడతాయి కదా! అదే నిజమైతే జబ్బు తగ్గినవాళ్లెవరికీ గర్భం నిలవకూడదు. నిలుస్తూనే ఉంది. బహిష్టుకు అయిదు రోజులు ముందూ వెనకా టీకా వద్దన్న మెసేజ్ ఏప్రిల్‌లోనే దేశమంతా తిరిగింది, అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ అప్పుడే చెప్పింది. టీకా వేయించుకున్న నెల బహిష్టు కాస్త అటూ ఇటూ అయిందని కొందరు అంటున్నారు. జ్వరం వచ్చినా, నిద్ర లేకపోయినా అలా అవడం మనకు తెలిసిందే. మీ ఆడపడుచుకు టెన్షన్ పడొద్దని చెప్పు. పెళ్లి కుదిరిన పిల్ల కాబట్టి అందరికంటే ముందు తనే వేయించుకుంటే మంచిది.

మీ తోడికోడలు టీకా కోసం బిడ్డకు పాలు మాన్పించాల్సిన పని లేదు, ఒక్క పూట కూడా. వేయించుకుని ఇంటికి వచ్చి వెంటనే పాలివ్వచ్చు. పాలు పిండేసి పారబోయడమెందుకు, ఆ పాలలో యాంటీబాడీలు కూడా ఉంటున్నాయి. పాలిచ్చే తల్లులకు మే 19నే అనుమతి వచ్చింది. పోయిన నెలలో మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ప్రత్యేకంగా వేశారు కూడా, ఆమె ఎందుకు వెళ్లలేదో.

కొవిషీల్డ్, కొవాగ్జిన్ రెండిట్లో ఏది అని అడిగావు. ఏది ముందు దొరికితే అది. రెండూ ఉంటే మాత్రం నీకు కొవాగ్జిన్ అనుకూలమని నా అభిప్రాయం. దాని రెండో డోసు నాలుగు వారాలకే. కొవిషీల్డ్‌కు 12 నుంచి 16 వారాలు ఆగాలి, అంటే నీకు ఎనిమిదో నెలో తొమ్మిదో నెలో వచ్చేస్తుంది.

ముందు మీ డాక్టరమ్మకు ఒక మాట చెప్పు. ఇదివరకు ఏ ఇంజెక్షన్‌కైనా అలర్జీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి. ఈ కడుపుతో ఉన్నప్పుడే నీకు కరోనా వచ్చి ఉంటే కాన్పయ్యాక వేయించుకోమనేవారు, నీకు రాలేదు కాబట్టి ఆ గొడవ లేదు. టీటీ ఇంజెక్షన్ కూడా దగ్గర పడితే ఏది ముందో నర్సమ్మను అడుగు. కడుపునిండా తిని పొద్దున్నే వెళ్లు, ఆధార్‌తో పాటు తల్లీబిడ్డల కార్డు కూడా పట్టుకెళ్లు. మొహమాటపడకుండా గర్భిణినని చెప్పి క్యూలో ముందుకు వెళ్లు, ఆ గుంపులో గంటలు నిలబడితే టీకా కోసం వెళ్లి జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. వేశాక అరగంట అక్కడే కూర్చో. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకో, షాపువాడిచ్చే వేరే నొప్పి మాత్రలు వద్దు.

ఏడో నెలలో సీమంతం ఘనంగా చేస్తామంటున్నారట మీవాళ్లు. రెండు డోసులు పడినా మాస్కు తీయొద్దు. నలుగురు పేరంటాళ్లతో కానివ్వమని మీ అత్తగారికి నేనే ఫోన్ చేసి చెబుతాను. నువ్వు అంటే బాగుండదు.

మీ పెద్దమ్మ