స్ప్రే సీసాలో కొబ్బరినూనె పోయకండి

కొబ్బరినూనె, మొగలి నీరు (మొగలి పూలను మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి పట్టే సువాసన నీరు) కలిపి జుట్టుకు స్ప్రే చేసుకుంటే కాసేపటికే రెండూ విడిపోతున్నాయని, ఏం వేస్తే కలిసి ఉంటాయని మీరు అడిగారు. మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. గంజాం తీరమంతా మొగలి పొదలే కనుక మా ఇళ్లలో ఆ నీటికి కొదవ ఉండదు. మీరు చేసిన పనే నేనూ చేశాను; ఫలితం ఒక పట్టుచీర అనుభవించింది.

కొన్నేళ్ల క్రితం మాఘమాసంలో మా ఇంట పెళ్లి. వాడేముందు బాగా కుదిపితే చాలునని ఏదో వీడియోలో విన్న మాట నమ్మి, మొగలి నీటిలో నాలుగు చెంచాల కొబ్బరినూనె పోసి, నాలుగు రోజులపాటు ఇంటిల్లిపాదీ వాడుకున్నాం. ఎంత కుదిపినా నూనె చిన్న బిందువులుగా చీలుతుందే తప్ప కరగదు. చేయి ఆపగానే ఆ బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నీటికంటే తేలిక కనుక పైకి చేరుకుంటాయి. స్ప్రే గొట్టం సీసా అడుగుదాకా ఉంటుంది కాబట్టి ముందుగా నీటినే పీలుస్తుంది. అంటే మేము నాలుగు రోజులూ కొట్టుకున్నది దాదాపు ఉత్త మొగలి నీరే. నూనె యావత్తూ పెళ్లిరోజుకు మిగిలింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది కదా, ఆ తెల్లవారుజామున సీసా మూతి కాస్తా పూడుకుపోయింది. సీసాను వేడినీళ్లలో ఉంచి తీసి, మా పిన్ని జడ మీద గట్టిగా నొక్కాను. తుంపర రాలేదు, ధార వచ్చింది, అదీ ఆవిడ కట్టుకున్న బరంపురం పట్టుచీర భుజం మీదకు. “తలకు కొట్టమంటే చీరకు తాళింపు పెట్టావేమే!” అన్న ఆవిడ మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

రసాయనమేదీ వేయకుండా సహజంగా కలవాలనేవారితో నాకు పేచీ ఉంది. పాలలో వెన్న బిందువులు ముద్దకట్టకుండా ఉండేది కూడా వాటిని చుట్టుకున్న పొర వల్లనే. అటు నూనెనూ ఇటు నీటినీ పట్టి ఉంచేది ఒకటి ఉండవలసిందే. బజారులో దొరికే పాలీసార్బేట్ 20 ఆ పని చేస్తుంది గాని, అది లావెండర్ వంటి పలుచని సుగంధ తైలాలకు తగినది. 100 మిల్లీలీటర్ల నీటికి అర మిల్లీలీటరు తైలం అనుకుంటే, దానికి నాలుగింతలు, అంటే 2 మిల్లీలీటర్ల పాలీసార్బేట్ 20తో మొదలుపెట్టి, ముందు తైలంలో దీనిని కలిపి, ఆ తరువాతే నీటిని కొద్దికొద్దిగా పోయాలి. మసకబారితే ఇంకొంచెం పడుతుందన్నమాట. కొబ్బరినూనె వంటి బరువైన నూనెకు పాలీసార్బేట్ 80 వాడతారు, అయితే నిలిచేటంత వేస్తే జుట్టు జిగటగా తయారవుతుంది.

మీరు అడగకపోయినా ఇదొకటి చెప్పాలి: నీరు చేరిన ఏ సీసాలోనైనా ప్రిజర్వేటివ్ లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే కొద్దిగా చేసుకొని, ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపే పూర్తిచేస్తాను. మొగలి నీరు పేరిట నీటిలో ఎసెన్సు కలిపి అమ్మేవారూ ఉన్నారు, చూసి కొనండి.

ఇప్పుడు నేను ముందు ఉత్త మొగలి నీటితో జుట్టు తడిపి, తరువాత అరచేతిలో రెండు చుక్కల నూనె రుద్ది కొసలకు రాసుకుంటున్నాను. ఈ పద్ధతి పిన్నికీ నచ్చింది, కాని పట్టుచీర కట్టుకున్నాక మాత్రం నన్ను దగ్గరకు రానివ్వదు.